కిలోన్నర

మొదట కనిపెట్టింది డాక్టరు కాదు,
రాబా నది ఒడ్డున బట్టలు కుట్టే పిరోష్కా.
నా ప్యాంటు కుడి కాలు ఎప్పుడూ
రెండు వేళ్లు వెడల్పుగా కత్తిరించేది.
ఎందుకంటే, నోట్లో గుండుసూదులు తియ్యకుండానే
"నీ కాళ్లు అక్కాచెల్లెళ్లమ్మా, కవలలు కావు" అంది.

నవ్వేసి డబ్బులిచ్చి వచ్చాను.
అప్పటికి పంతొమ్మిదేళ్లుగా కత్తి తిప్పుతున్న కుడి చెయ్యి.
కుడి కాలు ముందు, కుడి భుజం ముందు,
ఇనుప వల వెనక కుడి కన్ను కూడా ముందే.
ఎడమ చెయ్యి మాత్రం
పెళ్లిపందిట్లో ఎవరూ పలకరించని చుట్టంలా
వెనక నిలబడేది.
"దాన్ని దాచు. దానికి తగిలితే పాయింటు వాళ్లది."
ఎనిమిదేళ్లప్పుడు బొడోగ్ మాష్టారు
నాకు నేర్పిన తొలి పాఠం.

ముప్ఫయ్యో ఏట, బూటు లేసు కట్టుకోబోయి
వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను.

ద్యోర్ ఊళ్లో, ట్రామ్‌లు లేని వీధిలో, రెజో గది.
నేల మీద రెండు తూకం మిషన్లు పక్కపక్కన,
ఒక్కోదాని మీద ఒక్కో పాదం.
"కళ్లు మూసుకో. సమంగా నిలబడ్డాననిపించాక చెప్పు."
అనిపించింది. చెప్పాను.
తెరిచి చూస్తే
కుడి ముప్ఫయ్యారు, ఎడమ ఇరవైతొమ్మిది.
ఏడు కిలోల అబద్ధం మీద
ఎంత నిటారుగా ఉన్నానో!

ఆయన పెట్టిన చట్టం చిన్నది.
ముందు ఎడమ.
ఎడమ ఎన్ని ఎత్తితే కుడి అన్నే,
ఒక్కటి ఎక్కువైనా ఊరుకోను.

ఆ రోజు ఎడమ చెయ్యి
నాలుగు కిలోల డంబెల్‌ని ఆరుసార్లు ఎత్తింది.
ఏడోది సగం దారిలో వణికి, దిగిపోయింది.
ఇక కుడి. ఆరు.
దానికది ఆవలింత.
ఏడోది ఎత్తబోతే రెజో మణికట్టు పట్టుకున్నాడు.

వాళ్ల తాత బూడిదరంగు ఎద్దులతో దున్నేవాడట.
దాపటిది బక్కది, వలపటిది కొండ.
చాలు వంకర పోతుంటే
దీన్నీ కొట్టలేదు, దాన్నీ కొట్టలేదు,
కాడి నడిమి తాడు
బలమున్నదాని వైపు బెత్తెడు జరిపాడట.
"అంతేనా?"
"అంతే. ఆ బెత్తెడు తెలియడానికి ఆయనకు నలభయ్యేళ్లు పట్టింది."

ఇంట్లో ఎడమ చేత్తో పళ్లు తోముకుంటే
పేస్టు చెవిదాకా.
కాఫీ సాసర్లో సగం, మేజోళ్ల మీద సగం.
తాళంచెవి కన్నం చుట్టూ ప్రదక్షిణాలు.
పక్కింటి చొంగోర్ నేను రాసిన సరుకుల చీటీ చూసి
"నువ్వు కూడా ఒకటో తరగతేనా?" అన్నాడు.
రాత్రిళ్లు ఎడమ రెక్క కింద
ఎన్నడూ లేని చోట ఒక సలుపు,
కొత్తగా అద్దెకు దిగినవాళ్లు
బల్లలూ మంచాలూ జరుపుకుంటున్నట్టు.

పదో వారం బొడోగ్ మాష్టారు చూడ్డానికొచ్చారు.
నా ఆరూ ఆరూ లెక్క విని మొహం చిట్లించారు.
"ఒక కత్తికి రెండు చేతులెందుకే?"
జవాబు దొరకలేదు నాకు.
వెళ్తూ ఆయన ఓవర్‌కోటు తొడుక్కున్నారు.
కుడి అంచు మోకాలి దాకా,
ఎడమ అంచు తొడ దగ్గరే ఆగింది.
గుండీలు నేనే పెట్టాను,
ఏమీ అనలేదు.

పదహారో వారం
ముప్ఫైమూడూ రెండొందల గ్రాములు,
ముప్ఫైఒకటీ ఏడొందలు.
"ఈ కిలోన్నర ఎప్పటికి పోతుంది?"
రెజో మిషన్లు గోడ కానిస్తూ అన్నాడు:
"గుండె ఒక పక్కా, కాలేయం ఒక పక్కా పెట్టినవాణ్ణి అడుగు.
నేనైతే దాని జోలికి పోను."

నిన్న కొత్త ప్యాంటు గుడ్డ తీసుకుని పిరోష్కా దగ్గరికి వెళ్లాను.
కుడి తొడకు టేపు చుట్టింది, ఎడమ తొడకు చుట్టింది,
మళ్లీ కుడికి.
సూదుల వెనక పెదాలు కాస్త కదిలాయి.
గుడ్డ మీద ఒకే ఒక్క వేలు అడ్డం పెట్టి
సుద్దతో గీత గీసింది,
ఎడమ చేత్తో.

పన్నెండేళ్లుగా నాకు కుడుతోంది ఆవిడ.
పుర్రచేతివాటమని
నిన్ననే చూశాను.